రాత్రంతా వెలిగే తెరలు, మూడేళ్లకే మూలపడే ల్యాప్‌టాప్‌లు

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక సంస్థలో, ఐటీ నిర్వహణ బృందం తరఫున మేము వెయ్యికి పైగా కంప్యూటర్లకు ఒకే రోజున ఒక నియమం పెట్టాము. ఇరవై నిమిషాలపాటు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోవాలి. మరికొంతసేపటికి యంత్రం స్లీప్ మోడ్‌లోకి వెళ్లాలి. మూడు వారాలు అంతా సజావుగా సాగింది. నాలుగో వారంలో భద్రతా బృందం నుంచి ఘాటైన ఫిర్యాదు వచ్చింది: రాత్రిపూట పంపే ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను సరిచేసే అప్‌డేట్లు, చాలా యంత్రాలకు చేరడం లేదు, ఎందుకంటే అవన్నీ నిద్రలో ఉన్నాయి. ఆ సాయంత్రమే ఎవరో ఆ నియమాన్ని అందరికీ ఎత్తేశారు. కానీ పర్యావరణం మీద తన భారాన్ని ఎలా తగ్గిస్తున్నదీ చెబుతూ సంస్థ ఆ ఏడాది చివర వెలువరించిన సుస్థిరత నివేదికలో మాత్రం, విద్యుత్తు ఆదా విధానాన్ని సంస్థ అంతటా అమలు చేశామన్న వాక్యం చెక్కుచెదరకుండా నిలిచింది. అబద్ధం రాయాలని ఎవరూ అనుకోలేదు. రాసినవారికి నియమం ఎత్తేసిన సంగతి తెలియదు. ఎత్తేసినవారికి అలాంటి నివేదిక ఒకటి తయారవుతోందని తెలియదు.

సంస్థల సుస్థిరత లక్ష్యాలకు ఐటీ వ్యవస్థలు ఎలా తోడ్పడగలవన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట ముందుగా డాష్‌బోర్డుల మీదికి, కర్బన లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. అవి అక్కర్లేదని నేను అనను. కానీ జరిగిపోయినదాన్ని ఏడాది చివర రంగురంగుల పటాలుగా చూపే వ్యవస్థ కంటే, ఉద్యోగి తన యంత్రాన్ని వదిలి ఇంటికి బయలుదేరినప్పుడు, మేనేజరు కొత్త ల్యాప్‌టాప్ కావాలని కోరినప్పుడు, కొనుగోళ్ల విభాగం ఒక ఆర్డరుకు ఆమోదం తెలిపేటప్పుడు ఏం జరగాలో తేల్చే వ్యవస్థే ఎక్కువ పని చేస్తుందన్నది నా వాదన. ముందే పెట్టి ఉంచిన సెట్టింగును మార్చుకునే తీరికా పట్టింపూ ఎవరికీ పెద్దగా ఉండవు. కాబట్టి ఆ సెట్టింగు ఎలా ఉందన్నదే చివరికి సంస్థ విధానంగా చెలామణి అవుతుంది.

మేము ఆ రోజు ఎత్తేసిన నియమం విలువ ఎంతో ఒకసారి లెక్కవేసి చూద్దాం. వారంలో 168 గంటలున్నాయి. పని గంటలు 45 అనుకుంటే మిగిలినవి 123. ఊరికే వెలుగుతూ ఉన్న డెస్క్‌టాప్, దాని తెర కలిసి 50 వాట్లు తీసుకుంటాయనుకుంటే ఆ ఖాళీ గంటల్లో ఒక్కో యంత్రం వారానికి 6 యూనిట్లకు పైగా కాలుస్తుంది. అదే స్లీప్ మోడ్‌లో ఉంటే పావు యూనిట్‌తో సరిపోతుంది. వెయ్యి యంత్రాలకు, 52 వారాలకు గుణిస్తే తేడా ఏడాదికి 3 లక్షల యూనిట్లు దాటుతుంది. అందరూ అలా వదిలేసి వెళ్లరు, సగం మందే వెళ్తారనుకున్నా లక్షన్నర మిగులుతుంది. ఇందులో కొత్తగా కొనవలసిన వస్తువు ఒక్కటీ లేదు. వాడకుండా వదిలేసిన కంప్యూటర్లు తక్కువ విద్యుత్తు వాడాలన్న ఆలోచనతోనే 1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ గుర్తింపును మొదలుపెట్టింది. ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువులు కంప్యూటర్లు, తెరలే. మూడు దశాబ్దాలు దాటినా ఆ సౌకర్యాన్ని ఆపివేసి ఉంచిన కార్యాలయాలు ఇంకా కనిపిస్తున్నాయంటే, లోపం పరికరంలో లేదు.

మరి లోపం ఎక్కడ ఉంది? మా విషయంలో అది రెండు బృందాల మధ్య ఉంది. నిద్రలో ఉన్న యంత్రాన్ని నెట్‌వర్క్ ద్వారా మేల్కొలిపే వేక్ ఆన్ లాన్ అన్న పద్ధతి 1990ల నుంచీ ఉంది. దాన్ని వాడుకోవాలంటే ప్రతి యంత్రం బయోస్‌లో, అంటే యంత్రం మొదలవగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్‌లో, ఆ సౌకర్యాన్ని తెరవాలి; మేల్కొలుపు సందేశం ఒక నెట్‌వర్క్ విభాగం నుంచి మరోదానికి దాటేలా నెట్‌వర్క్ స్విచ్చులను సరిచేయాలి; అలా దాటనివ్వడం భద్రతకు ముప్పు కాదా అన్న సందేహాన్ని నెట్‌వర్క్ బృందంతో కూర్చుని తీర్చుకోవాలి. వైఫై మీద అది అంత నమ్మకంగా పనిచేయదు కూడా. ఇదంతా రెండు నెలల పని. నియమాన్ని ఎత్తేయడం రెండు నిమిషాల పని. విద్యుత్తు బిల్లు భవన నిర్వహణ విభాగం ఖాతాలో పడుతుంది కాబట్టి, ఐటీ బృందంలో ఎవరికీ రెండు నెలల పనికి పూనుకోవాలన్న ఒత్తిడి లేదు. ఖర్చు ఒకరిది, మీట మరొకరి చేతిలో. సుస్థిరత గురించి ఎన్ని సమావేశాలు పెట్టినా ఈ ఏర్పాటు మారనంత కాలం ఫలితం ఇలాగే ఉంటుంది.

అయితే డెస్క్‌టాప్‌ల కాలం చాలా కార్యాలయాల్లో తీరిపోయిందన్నది నిజం. ల్యాప్‌టాప్ అసలే తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. మూత వేస్తే నిద్రపోతుంది. అక్కడ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం కూడా అక్కడే ఉంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 230 రోజులు, సగటున 15 వాట్ల చొప్పున వాడితే ఒక ల్యాప్‌టాప్ ఏడాదికి 28 యూనిట్లు కూడా తీసుకోదు. యూనిట్‌కు అర కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే అది 14 కిలోలు. అదే ల్యాప్‌టాప్‌ను తయారుచేసి మన బల్ల మీదికి చేర్చేసరికి వెలువడే ఉద్గారాలు, తయారీదారులు తమ నమూనాలకు ప్రచురించే కర్బన పత్రాలను చూస్తే, తరచుగా 200 కిలోలు దాటే ఉంటాయి. ఖనిజాల తవ్వకం, చిప్పుల తయారీ, తెర, బ్యాటరీ, రవాణా అన్నీ అందులోకి వస్తాయి. లెక్క కోసం 250 కిలోలనుకుందాం. నాలుగేళ్లు వాడితే విద్యుత్తు వాటా 56 కిలోలు. అంటే మొత్తం భారంలో ఐదింట నాలుగు వంతులు మనం మొదటిసారి పవర్ బటన్ నొక్కకముందే ఖర్చయిపోయాయి.

ఈ స్థితిలో ఐటీ విభాగం చేయగలిగిన అతి పెద్ద మేలు ఆ యంత్రాన్ని ఇంకొన్నాళ్లు వాడుకలో ఉంచడం. వెయ్యి ల్యాప్‌టాప్‌లున్న సంస్థ మూడేళ్లకొకసారి మారిస్తే ఏడాదికి 333 కొత్తవి కొంటుంది. ఐదేళ్లకొకసారి మారిస్తే 200 చాలు. తేడా 133 యంత్రాలు. పై అంచనా ప్రకారం ఏడాదికి 33 టన్నుల ఉద్గారాలు తగ్గుతాయి, కొనుగోలు ఖర్చు సరేసరి. ఇంత సులువైన లెక్క ఉండగా మూడేళ్ల నియమం ఎందుకు పాతుకుపోయిందని నేను ఒకసారి మా ఆస్తుల రిజిస్టరును తవ్వి చూశాను. వారంటీ గడువు మూడేళ్లు, లెక్కల పుస్తకంలో తరుగుదల గడువూ మూడేళ్లే. ఆ రెండు తేదీలను కలిపి ఎవరో ఎప్పుడో స్ప్రెడ్‌షీటులో ఒక సూత్రం రాశారు. గడువు దాటిన వరుసలు వాటంతట అవే ఎర్రగా మారేవి. ఎరుపెక్కిన ప్రతి యంత్రానికీ కొత్తది ఆర్డరయ్యేది. ఆ యంత్రం బాగుందా, బ్యాటరీ ఒక్కటే నీరసించిందా, మెమరీ పెంచితే మరో రెండేళ్లు లాగుతుందా అని అడిగే గడి ఆ పట్టికలో లేదు.

నిజానికి ఆ సమాచారం లేక కాదు. ఉద్యోగుల యంత్రాలను దూరం నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్ చాలా సంస్థల్లో ఇప్పుడు ఉంటుంది. బ్యాటరీ తన తొలి సామర్థ్యంలో ఎంత నిలుపుకుంది, డిస్కు ఎంత అరిగింది, మెమరీ ఎంత తరచుగా నిండిపోతోంది, యంత్రం ఎన్నిసార్లు ఆగిపోయింది అన్నవన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. భద్రతా పర్యవేక్షణ కోసం రోజూ సేకరిస్తున్న ఈ వివరాలను ఆస్తుల రిజిస్టరుతో కలిపితే, తేదీని బట్టి కాక స్థితిని బట్టి యంత్రాన్ని మార్చవచ్చు. మేము ఒక బృందంలో ఇలా చేసి చూసినప్పుడు ఎరుపు వరుసల్లో చాలావాటికి కావలసింది కొత్త బ్యాటరీ మాత్రమేనని తేలింది. దానికీ ఒక అడ్డు వచ్చింది: కొత్త ల్యాప్‌టాప్‌కు పెట్టుబడి పద్దులో డబ్బుంది, బ్యాటరీకి మరమ్మతుల పద్దులో లేదు. ఈ చిక్కు విడదీయడానికి నాకు పట్టిన కాలం ఆ సమాచారాన్ని కలపడానికి పట్టిన కాలం కంటే ఎక్కువ.

యంత్రం ఆయువును హార్డ్‌వేర్ కంటే సాఫ్ట్‌వేర్ శాసించే సందర్భాలూ ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అన్న భద్రతా చిప్పు, కొంత ఇటీవలి ప్రాసెసర్ తప్పనిసరి. చక్కగా పనిచేస్తున్న యంత్రాలు ఎన్నో ఆ నిబంధనలతో వాడుకకు పనికిరానివిగా మారాయి. భద్రతా ప్యాచ్‌లు లేని యంత్రాన్ని సంస్థలో ఉంచమని నేను చెప్పను. కానీ రుసుము కట్టి పొడిగించిన మద్దతు తీసుకోవడం, ఆ యంత్రాలకు విండోస్ బదులు లినక్స్ వేసి పరిమిత పనులకు మళ్లించడం, బ్రౌజరు తప్ప మరేమీ అక్కర్లేని చోట వాటిని టెర్మినళ్లుగా వాడడం వంటి దారులున్నాయి. వాటిని తూచి చూడాలంటే గడువు తేదీ కనీసం రెండేళ్ల ముందే రిజిస్టరులో కనిపించాలి. ఆఖరి మూడు నెలల్లో కనిపిస్తే మిగిలే దారి కొనుగోలు ఒక్కటే.

ఇక వాడుక ముగిసిన యంత్రాల సంగతి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన అంచనా ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతం. కార్యాలయాల్లో ఈ సమస్యకు ఒక ప్రత్యేక రూపం ఉంది, దాని పేరు బీరువా. లోపలి డిస్కుల్లో ఏ సమాచారం మిగిలి ఉందోనన్న భయంతో పాత యంత్రాలను ఎవరూ అమ్మరు, దానమివ్వరు, శుద్ధి కేంద్రానికీ పంపరు. తాళం వేసిన ఆ బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉండి, మరొకరికి ఉపయోగపడే వయసు దాటిపోయాక, చివరికి డిస్కులతో సహా ముక్కలు చేయించడానికి పంపుతారు. డిస్కును మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఒక రహస్య సంకేతంతో మాత్రమే చదవగలిగేలా మార్చి ఉంచితే, వదిలించుకునే రోజున ఆ సంకేతాన్ని నాశనం చేయడం ద్వారా సమాచారాన్ని చదవరానిదిగా చేయవచ్చని, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-88 మార్గదర్శకాల్లో కొన్ని షరతులతో అంగీకరించింది. అంటే యంత్రాన్ని ఉద్యోగి చేతికిచ్చే రోజున ఐటీ బృందం పెట్టే ఒక సెట్టింగు, ఐదేళ్ల తరువాత ఆ యంత్రం మరొకరి బల్ల మీదికి వెళ్తుందా, ముక్కలవుతుందా అన్నది తేలుస్తుంది. చెరిపివేసినట్లు ధ్రువపత్రాన్ని క్రమసంఖ్యతో రిజిస్టరులో నమోదు చేస్తే ఆడిటరుకూ అభ్యంతరం ఉండదు.

ప్రింటర్ల గురించి కూడా రాయాలేమో గాని, రెండు వైపులా ముద్రించడాన్ని ముందస్తు సెట్టింగు చేయండి, కార్డు చూపితేనే కాగితం బయటికి వచ్చేలా పెట్టండి, అంతటితో వదిలేయండి. సుస్థిరత సదస్సుల్లో ప్రింటరుకు దక్కినంత శ్రద్ధ దాని వాటాకు తగినది కాదు. ఈమెయిలు సంతకం కింద ముద్రించే ముందు చెట్లను తలచుకోండి అన్న ఆకుపచ్చ వాక్యం ఏ కాగితాన్నీ ఆపగా నేను చూడలేదు.

లెక్కల వ్యవస్థల విషయానికి వస్తే, గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ 2001లో సంస్థలకు తమ ఉద్గారాలను లెక్కకట్టే ఒక ప్రమాణాన్ని ఇచ్చింది. సొంతంగా కాల్చిన ఇంధనం మొదటి పరిధి, కొన్న విద్యుత్తు రెండోది, సరఫరాదారుల నుంచి వినియోగదారుల దాకా మిగిలిన గొలుసంతా మూడోది. ఈ మూడో పరిధికి 2011లో 15 విభాగాలతో విడిగా ప్రమాణం వచ్చింది. చాలా సంస్థలు ఈ వివరాలను ఇప్పటికీ ఈమెయిలులో తిరిగే స్ప్రెడ్‌షీట్లతోనే సేకరిస్తున్నాయి. ఒక శాఖ కిలోవాట్-గంటల్లో, మరో శాఖ మెగావాట్-గంటల్లో నింపి పంపిన పట్టికలను కూడగా వచ్చిన మొత్తాన్ని చూసి, ఈ ఏడాది అద్భుతంగా తగ్గించామని ఒక సమావేశంలో చప్పట్లు కొట్టడం నేను చూశాను. ఆ పొరపాటు బయటపడేసరికి నెల గడిచింది. డబ్బు లెక్కలకు ఇలాంటి స్వేచ్ఛ ఏ సంస్థా ఇవ్వదు: ప్రతి అంకె వెనుక ఒక బిల్లు ఉంటుంది, ఎవరు నమోదు చేశారో ఎవరు సరిచూశారో ఉంటుంది, మూసిన నెలను మళ్లీ తెరవాలంటే అనుమతి కావాలి. ఉద్గారాల అంకెలను కూడా ఆ అకౌంటింగ్ వ్యవస్థలోనే, బిల్లు నమోదైన చోటనే, ఏ కొలమానమో చెప్పే గడితో పాటు నమోదు చేయిస్తే సగం గందరగోళం పుట్టకముందే పోతుంది. విడిగా ఇంకో సాఫ్ట్‌వేర్ కొనే ముందు దీన్ని ప్రయత్నించమని నేను గట్టిగా చెబుతాను.

మూడో పరిధిలో మరో ఉచ్చు ఉంది. సరఫరాదారుల నుంచి అసలు వివరాలు లేనప్పుడు, పెట్టిన ఖర్చును రూపాయికి ఇంత ఉద్గారం అని చెప్పే ఒక గుణకంతో హెచ్చవేసి అంచనా కట్టడం ఆనవాయితీ. ప్రారంభానికి అది చాలు. కానీ సాఫ్ట్‌వేర్ దాన్నే శాశ్వతం చేస్తే వింత ఫలితాలు వస్తాయి. బేరమాడి పది శాతం తగ్గింపు సాధిస్తే ఉద్గారాలూ పది శాతం తగ్గినట్లు కనిపిస్తాయి. ఎక్కువ కాలం మన్నే ఖరీదైన వస్తువు కొంటే పెరిగినట్లు కనిపిస్తాయి. అసలు జరిగినదానికి, తెర మీది అంకెకు సంబంధం తెగిపోతుంది. కనీసం ఉద్గారాల్లో ఎక్కువ వాటా ఉన్న పది పన్నెండు రకాల వస్తువులకైనా సంఖ్యను, బరువును, తయారీదారు ఇచ్చిన కర్బన వివరాన్ని కొనుగోలు ఆర్డరులోనే అడిగే గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆర్డరు ముందుకు కదలకూడదు. ప్రశ్నపత్రాలు పంపి ప్రాధేయపడిన దానికంటే, చెల్లింపు దారిలో నిలబడిన ఒక ఖాళీ గడికి సరఫరాదారులు త్వరగా స్పందిస్తారు.

క్లౌడ్‌కు, అంటే సొంత సర్వర్లకు బదులు మరో సంస్థ డేటా సెంటర్లను అద్దెకు వాడుకునే పద్ధతికి, మారితే పచ్చదనం వస్తుందన్న మాట సగం నిజం. పెద్ద డేటా సెంటర్లు అదే పనిని తక్కువ విద్యుత్తుతో చేయగలవు, నిజమే. కానీ మన గదిలోని సర్వర్లు ఆగిపోయినప్పుడు మన రెండో పరిధి ఉద్గారాలు తగ్గి, ఆ పని కొన్న సేవగా మూడో పరిధిలోకి వెళ్లి కూర్చుంటుంది. మూడో పరిధిని సరిగా లెక్కపెట్టని సంస్థకు ఇది ఉత్త పుణ్యానికి వచ్చిన విజయంలా కనిపిస్తుంది. డేటా సెంటర్ల సామర్థ్యానికి వాడే పీయూఈ అన్న నిష్పత్తిలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. మొత్తం విద్యుత్తును ఐటీ పరికరాలు తీసుకున్న విద్యుత్తుతో భాగిస్తే వచ్చే అంకె అది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఏ పనీ లేకుండా తిరుగుతున్న సర్వర్లను కట్టేస్తే భాజకం తగ్గి, నిష్పత్తి పైకి పోవచ్చు. వృథాను ఆపినవాడి అంకె పాడవుతుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కన 2024లో డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్-గంటలు, అంటే ప్రపంచ విద్యుత్తులో ఒకటిన్నర శాతం వాడాయి. 2030 నాటికి అది 945 దాకా వెళ్లవచ్చని అదే సంస్థ అంచనా. కృత్రిమ మేధ సేవలను ప్రతి తెరకూ తగిలిస్తున్న ఈ రోజుల్లో, ఏ బృందం ఎంత కంప్యూటింగ్ వాడుకుందో ఆ బృందం నెలవారీ ఖాతాలోనే చూపడం మొదటి పని. ఎవరివో తెలియని సర్వర్లు, ఎవరూ తెరవని నిల్వలు అప్పుడు వాటంతట అవే బయటపడతాయి.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. సిమెంటు చేసే సంస్థకు ల్యాప్‌టాప్‌ల లెక్క దేనికి అని ఎవరైనా అడిగితే, దేనికీ కాదనే అంటాను. బట్టీ ఒక్క గంటలో వదిలేది ఆ కార్యాలయపు కంప్యూటర్లన్నీ కలిసి చాలాకాలం వదిలేదాన్ని మించిపోతుంది. అక్కడ ఐటీ చేయవలసిన పని మీటర్ల నుంచి, బట్టీ నియంత్రణ వ్యవస్థ నుంచి వచ్చే వివరాలను షిఫ్టు నడిపేవారి కళ్ల ముందుకు అదే షిఫ్టులో తేవడం. బ్యాంకుకో సాఫ్ట్‌వేర్ సంస్థకో మాత్రం యంత్రాలు, డేటా సెంటర్లు, భవనాలు, ప్రయాణాలే ప్రధాన భారం. ఏ సంస్థ ఏ తూకంలో ఉందో చూడకుండా అందరికీ ఒకే డాష్‌బోర్డు అమ్మేవారిని నేను నమ్మను.

భవనాల విషయంలో ఒక్క మాట. సమావేశ గదుల బుకింగ్ వ్యవస్థను గాలి, చల్లదనం నియంత్రించే వ్యవస్థతో కలిపితే ఖాళీ గదుల మీద ఖర్చు తగ్గుతుంది. ప్రతి సోమవారం బుక్ చేసి ఎవరూ రాని గదిని పదిహేను నిమిషాల తరువాత విడుదల చేస్తే ఇంకా మేలు. కానీ దానికోసం ఉద్యోగుల ప్రవేశ కార్డుల వివరాలను పేర్లతో సహా వాడడం మొదలైతే, విద్యుత్తు పేరుతో హాజరు మీద నిఘా పెట్టినట్లవుతుంది. గదిలో మనుషులున్నారా లేరా అన్నది చాలు. ఎవరున్నారన్నది ఆ యంత్రానికి అక్కర్లేదు. ఒకసారి ఆ నమ్మకం పోతే, ఉద్యోగులు సెన్సర్ మీద కాగితం అంటించేస్తారు. అలా అంటించిన కాగితాన్ని నేను స్వయంగా చూశాను, తప్పు పట్టలేకపోయాను.

మొదట చెప్పిన స్లీప్ నియమాన్ని మేము రెండేళ్ల తరువాత మళ్లీ పెట్టాము. ఈసారి ప్యాచ్‌లు పంపే బృందమే ఆ నియమానికి యజమాని. భవన నిర్వహణ విభాగం తన బిల్లులో తగ్గిన దానిలో కొంత వాటాను ఐటీ పద్దుకు బదిలీ చేయడానికి ఒప్పుకుంది. అసలు మలుపు ఈ ఒప్పందమేనని నేను అనుకుంటాను. మినహాయింపు కావాలన్న వారికి కాదనకుండా ఇచ్చాము. అయితే ప్రతి మినహాయింపుకూ ఒక ముగింపు తేదీ రాయించాము. గడువు దాటితే అది దానంతట అదే రద్దవుతుంది, కావాలంటే మళ్లీ అడగాలి. మొదటి గడువు తీరిన వారం ఫోన్లు మోగిపోతాయని సహాయ కేంద్రంలో ఇద్దరిని అదనంగా కూర్చోబెట్టాము. మళ్లీ అడిగినవాళ్లు కొద్దిమందే. మిగిలినవారిలో చాలామందికి తాము మినహాయింపు తీసుకున్న సంగతే గుర్తులేదు.